మూడో రోజు మెట్ల మీద తీసిన వీడియో

నవంబరు ఆరో తేదీ, బుధవారం, ఉదయం ఆరూ నలభైకి నా కుడి మోకాలు నన్ను మోయడం మానేసింది. పాల ప్యాకెట్లు తీసుకుని గేటు గొళ్ళెం పెడుతున్నాను. పాదం నేల మీదే ఉంది, పైన నేనూ ఉన్నాను, మధ్యలో మోకాలు లేనట్టయింది. గోడ పట్టుకుని నిలబడి కోడల్ని పిలిచాను. ప్యాకెట్లు పగల్లేదు.

తేదీ, సమయం ఇంత కచ్చితంగా ఎందుకంటే, తర్వాత రిసెప్షన్ అమ్మాయి, నర్సు, చిన్న డాక్టరు, పెద్ద డాక్టరు అందరూ "ఎప్పటి నుంచమ్మా?" అని అడిగారు. చెబుతుంటే నలుగురిలో ఒక్కరూ రాసుకోలేదు. ఇక్కడైనా ఉండనీ అని రాస్తున్నాను.

నాకు డెబ్భై ఒకటో ఏడు. స్టీల్ ప్లాంటు ల్యాబులో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మా ఇల్లు కూర్మన్నపాలెంలో, మెయిన్ రోడ్డు నుంచి బాగా ఎత్తెక్కే వీధి చివర. కొడుకు శ్రీను అచ్యుతాపురంలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. కోడలు గౌరి ఇంట్లోనే పిల్లలకి ట్యూషన్లు చెబుతుంది. నాతో పాటు ఈ బాధంతా పడింది ఆవిడే. ఇప్పుడు కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతున్నాను కాబట్టి, మోకాళ్ళు అరిగి ఫోనులో వీడియోలు చూసుకుంటున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మోకాలు మార్చే ఆపరేషన్ వద్దని చెప్పడానికి కాదు. ఆసుపత్రిలో నా పక్క మంచం మీద ఉన్న మధురవాడ ఆవిడ ఇప్పుడు రోజూ కూరగాయల బజారుకి నడిచి వెళుతోంది. అది నిజం కాబట్టి అదీ రాశాను.

నవంబరు, డిసెంబరు నెలలు ఫోనులో గడిచాయి. నొప్పి నాది, ఫోను గౌరిది.

"అత్తయ్యా, ఇది చూడండి. ఈవిడకి మీ వయసే."

చూశాను. ఆవిడ ఆకుపచ్చ గోడ ముందు నాలుగడుగులు నడిచి దండం పెట్టింది. ఇంకొకాయన స్కూటరు ఎక్కాడు. మరొకావిడ మనవరాలితో కలిసి చేతులు ఊపింది. అన్నిటికీ వెనక ఒకటే వీణ. ప్రతి దాని చివరా డాక్టరుగారు చేతులు కట్టుకుని, ఒక పక్కకి తిరిగి, నవ్వుతూ నిలబడతారు.

"వీళ్ళంతా ఆపరేషన్ అయిన ఎన్నో రోజు నడిచారు?" అన్నాను.

"మూడో రోజు. అన్నిటి మీదా రాసే ఉంది కదా."

"నాలుగో రోజు నడిచినవాళ్ళు లేరా?"

"ఉంటారు. వాళ్ళవి ఎందుకు పెడతారు?"

"ఈ మూడో రోజు నడిచినవాళ్ళు ఆరో నెలలో ఎలా ఉన్నారో?"

గౌరి ఫోను బల్ల మీద పెట్టేసింది. "మీకు చూపించడం నాదే బుద్ధి తక్కువ. లోకంలో అందరూ మీ ల్యాబులో పనిచెయ్యలేదు అత్తయ్యా."

ల్యాబు సంగతి ఒక్క ముక్క చెప్పాలి. ప్లాంటులో ఒక్కసారి కరిగించి తీసిన ఉక్కుని హీట్ అంటారు. ప్రతి హీట్ నుంచీ నమూనా మా దగ్గరికి వచ్చేది. బాగున్నదీ రాసేవాళ్ళం, తప్పిందీ రాసేవాళ్ళం, ఒకే పుస్తకంలో, ఒకదాని కింద ఒకటి. బాగున్నవే రాసి పంపిస్తే మా ఆఫీసరు ఆ పుస్తకం మా మొహాన కొట్టేవాడు. అది తెలివీ కాదు, గొప్పా కాదు, అక్కడి అలవాటు. ఆ అలవాటు ఉండి కూడా నేను ఆ వీడియోలు పెట్టిన ఆసుపత్రికే ఒప్పుకున్నాను. ఎందుకంటే ఆ వీడియోల్లో ఒకాయన ఉక్కునగరం మనిషి. బ్లాస్ట్ ఫర్నేసులో చేశానని చెప్పాడు. ప్లాంటు మనిషి అబద్ధం చెప్పడనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అబద్ధం చెప్పనే లేదు. మూడో రోజు ఎలా ఉందో అదే చెప్పాడు. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ అడగలేదు.

జనవరిలో చూపించుకోవడానికి వెళ్ళాం. ఆ ఆసుపత్రి హాల్లో గోడకి పెద్ద టీవీ. అందులో అవే వీడియోలు, ఒకటి అవగానే ఇంకొకటి, అదే వీణ. కింద కుర్చీల్లో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నవాళ్ళం తలెత్తి చూస్తూ ఉంటాం. పద్మనాభం నుంచి వచ్చిన రైతు ఒకాయన భార్యని తీసుకొచ్చాడు. తెల్లవారుజామున బయలుదేరారట. ఆయన టీవీ చూసి భార్యతో, "సూసేవా, నువ్వూ అలాగే గెంతుతావు," అన్నాడు. ఆవిడ, "ముందు నన్ను బాత్రూముకి తీసుకెల్లు, గెంతడం తరవాత," అంది. ఆ రోజు నవ్విన నవ్వు అదొక్కటే.

డాక్టరుగారి గదిలో నేను ఒక్క ప్రశ్న అడిగాను. "ఆపరేషన్ తర్వాత నేల మీద కూర్చోవచ్చా?" మా పూజ గూడు కింద ఉంటుంది. ముగ్గు నేల మీద వేస్తాం. చేపలు, కూరలు కత్తిపీట మీద తరుగుతాం. ఆయన ఎక్స్‌రే వైపు చూస్తూ, "అదంతా ఫిజియో వాళ్ళు గైడ్ చేస్తారమ్మా," అన్నారు. ఫిజియో అమ్మాయిని అడిగితే, "అది సార్ డిసైడ్ చేస్తారు మేడమ్," అంది. ఇద్దరూ మర్యాదగానే చెప్పారు. జవాబు మాత్రం ఇద్దరి మధ్యా ఎక్కడో ఉండిపోయింది.

జనవరి ఇరవై రెండో తేదీ ఆపరేషన్ అయింది. దాని గురించి నాకు తెలిసింది చలి ఒక్కటే. ఇరవై నాలుగో తేదీ, అంటే వాళ్ళ లెక్కలో మూడో రోజు, టిఫిను తర్వాత ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో గుండ్రటి దీపం, ఫోను. పేరు స్ఫూర్తి. ఆసుపత్రి తరఫున ఇంటర్నెట్టులో పెట్టేవన్నీ ఆమే చూసుకుంటుందట. వచ్చీ రాగానే నా జుట్టు సర్ది, బొట్టు దిద్ది, "అమ్మా, మీ ఫేసులో చాలా స్ట్రెంగ్త్ ఉంది," అంది. పళ్ళు బిగపట్టుకుని ఉన్న మొహం ఎవరికైనా అలాగే ఉంటుంది.

ఫిజియో గదిలో చెక్క మెట్లు మూడున్నాయి. అటు ఎక్కి ఇటు దిగేవి. పిల్లల పార్కులో జారుడుబల్లకి కూడా అంతకంటే ఎక్కువ మెట్లుంటాయి. ఎక్కమన్నారు. గౌరి నా ఎడమ మోచెయ్యి పట్టుకుంది. ఎక్కాను.

"ఇప్పుడు ఎలా ఉందో చెప్పండమ్మా. నాకు మళ్ళీ జన్మ ఇచ్చారు అన్నట్టు, మీ మాటల్లో."

"నా మాటల్లో అయితే, నొప్పి ఉంది. నిన్నటి మీద కొంచెం తక్కువ. రాత్రి నిద్ర లేదు. నర్సు లక్ష్మి మంచి పిల్ల."

"సూపర్ అమ్మా. కన్నీళ్ళు వస్తే ఆపుకోకండి, బాగుంటుంది."

కన్నీళ్ళు రాలేదు. వస్తే నొప్పికి వచ్చేవి.

వారం తర్వాత ఆ వీడియో బయటికొచ్చింది. "మూడో రోజే మెట్లెక్కిన ఉక్కు మహిళ" అని పైన పెద్ద అక్షరాలు. నేను ఎక్కుతాను. "నొప్పి... తక్కువ," అంటాను. నవ్వుతాను. ఆ నవ్వు నర్సు లక్ష్మి గురించి చెప్పినప్పటిది. గౌరి కనిపించదు. నా మోచేతి కింద నాలుగు వేళ్ళు, రెండు ఆకుపచ్చ గాజులు కనిపిస్తాయి, అంతే. శ్రీను ఫ్యాక్టరీలో అందరికీ చూపించాడు. మా వీధిలో వాళ్ళు ఇంటికొచ్చి మెచ్చుకున్నారు. నేను మంచం మీద పడుకుని, ఇంకా మెట్టు ఎక్కలేని కాలు దిండు మీద పెట్టుకుని, మెట్లెక్కినందుకు మెప్పు తీసుకున్నాను.

ఫిబ్రవరి పదిహేనుకి మోకాలు వేడెక్కింది. చెయ్యి వేస్తే తెలిసేంత వేడి. ఆసుపత్రికి ఫోను చేస్తే ఐసు పెట్టమన్నారు. మర్నాడు చేస్తే, "కొంత వాపు నార్మల్ మేడమ్, మన పేజీలో దాని మీద కూడా వీడియో ఉంది, లింక్ పంపుతాను," అన్నారు. పంపారు. అందులోనూ వీణే. నాలుగో రోజుకి కుట్టు పక్కన తడి కనిపించింది. జ్వరం. గౌరి ఆటో పిలిచింది. శ్రీను షిఫ్టులో ఉన్నాడు, ఫోను బయట లాకరులో పెట్టాలి వాళ్ళు.

ఆ రోజు ఆ హాల్లో కూర్చున్న సమయం గురించి రాయకపోతే ఇదంతా రాయడం దండగ. నేను వణుకుతున్నాను. గౌరి తన చున్నీ నా భుజాల మీద కప్పింది. మోకాలి మీద కట్టు తడిసి చీరకి అంటుకుంది. ఎదురుగా టీవీలో నేను మెట్లెక్కుతున్నాను.

పక్క కుర్చీలో ఆవిడ నన్ను చూసింది, టీవీని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. "అమ్మా, మీరే కదేటి అందులో ఉన్నది?"

"నేనే."

"ఓలమ్మా! ఎంత బాగా ఎక్కీసినారో. మరి ఇప్పుడేటి, సూపించుకోడానికి వచ్చేరా?"

కట్టు చూపించాను. ఆవిడ మొహం చూసి నాకే జాలేసింది. ఈ లోపల రిసెప్షన్ అమ్మాయి గబగబా వచ్చి, "అమ్మగారూ, లోపల కూర్చోండి, ఏసీ ఉంది," అని చక్రాల కుర్చీ తెచ్చింది. నన్ను తోసుకుంటూ స్టోరు రూము పక్కన చిన్న గదిలో పెట్టింది. అంత శ్రద్ధకి నేను ఆ అమ్మాయికి థాంక్స్ కూడా చెప్పాను. జ్వరంలో ఉన్నాను కదా, అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. వణుకుతున్న మనిషిని ఏసీలో ఎవరు కూర్చోబెడతారు? హాల్లో మిగతా వాళ్ళకి నేను కనబడకూడదు, అదీ సంగతి.

మర్నాడు మళ్ళీ కోశారు. లోపల కడిగారు. రెండు వారాలు సెలైన్ స్టాండు నాతోనే. ఆ రెండు వారాలు స్ఫూర్తి రాలేదు, దీపం రాలేదు. నర్సు లక్ష్మి మాత్రం డ్యూటీ అయ్యాక కూడా వచ్చి, కాసేపు నా మంచం పక్కన కూర్చుని, తన పెళ్ళి చూపుల కథలు చెప్పేది. ఒక సంబంధం వాళ్ళు, "నైట్ డ్యూటీలు మానేస్తావా?" అని అడిగారట. "మీ అబ్బాయి మానేస్తే నేనూ మానేస్తాను," అందట. అతను రైల్వే గార్డు. నవ్వితే కాలు నొప్పి పుట్టేది, అయినా మళ్ళీ చెప్పమనేదాన్ని. పద్మనాభం రైతు భార్య ఆపరేషన్ అయి అదే అంతస్తులో ఉందని తెలిసి గౌరి చూసొచ్చింది. ఆవిడ బాగుంది. నడుస్తోంది. అదీ రాశాను.

మార్చిలో ఇంటికొచ్చాం. కాలు వంగడం సగంలో ఆగిపోయింది. మామూలు కుర్చీలో కూర్చుంటే కుడికాలు ముందుకి చాచే ఉంచాలి. వచ్చేపోయేవాళ్ళందరూ దానికి తట్టుకునేవాళ్ళు, నేను అరిచేదాన్ని. ఇంట్లో మాటలు తగ్గాయి. గౌరి కాపడం పెడుతుంది, మందులిస్తుంది, ట్యూషన్ పిల్లల్ని వరండాలోకి మార్చింది. అన్నీ చేస్తుంది, మొహం మాత్రం చూడదు. ఒక రోజు భోజనాల దగ్గర శ్రీను, "అసలు వాపు ఎప్పుడు మొదలైందమ్మా?" అనడిగాడు. "ఫిబ్రవరి పదిహేను, శనివారం, మధ్యాహ్నం," అన్నాను.

గౌరి గరిటె కింద పెట్టేసింది. "నేనే కదా ఆసుపత్రి చూసింది. నా వల్లే అనండి, అయిపోతుంది."

"నేనెప్పుడన్నాను?"

"అనక్కర్లేదు అత్తయ్యా. మీరు తేదీలు చెబుతారు, చాలు."

శ్రీను ఇద్దరి వైపూ చూసి పెరుగు వేసుకున్నాడు. వాడి నాన్నదీ అదే పద్ధతి.

ఆ మాట నన్ను చాలా రోజులు గుచ్చింది. నేను తేదీ చెప్పేది జరిగింది జరిగినట్టు ఉండాలని. అది ఎదుటివాళ్ళ మీద రాయిలా పడుతుందని నాకు తట్టలేదు. అప్పటి నుంచి గౌరి ఎదుట తేదీలు చెప్పడం తగ్గించాను. ఆవిడా గమనించినట్టుంది. ఒక రోజు తనే, "మొన్న కట్టు మార్చింది ఎన్నో తారీకు?" అనడిగింది. చెప్పాను. రాజీ పడ్డామని నేనూ అనుకున్నాను, తనూ అనుకుంది.

ఏప్రిల్ మొదటి వారంలో నూకాలు వచ్చింది.

నూకాలు గంగవరం వైపు జాలరి మనిషి. ఇరవై ఏళ్ళుగా మా వీధికి చేపల గంప తెస్తోంది. గుమ్మం ముందు గొంతుక్కూర్చుని, కత్తిపీటని కాలితో తొక్కిపట్టి, చేప పొలుసు తీసి ముక్కలు కోసి ఇస్తుంది. ఆమె చెయ్యి ఎంత వేగమంటే, మనం గిన్నె తెచ్చేసరికి పని అయిపోతుంది. ఈ రెండేళ్ళుగా లేచేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటోంది.

"అమ్మగోరూ, నానూ సేయించేసుకుంతన్నాను," అంది, గంప దించీ దించగానే.

"ఏమిటే?"

"మోకాలు. మీ ఆసుపత్రిలోనే. ఇరవై ఒకటికి డేటిచ్చేరు. పదిహేను నుంచి ఏట బందు కదా, రెండు నెల్లు బోట్లు ఎల్లవు. పని లేని రోజులు. ఏట మొదలయ్యేసరికి నడిసీగలను."

సముద్రంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఆ రెండు నెలలు వేట ఆపేస్తారు. జాలరి ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు, రిపేర్లు, ఆపరేషన్లు అన్నీ ఆ రోజుల్లోనే పెట్టుకుంటారు. దాని లెక్క దానికి సరిగ్గానే ఉంది.

"ఎవరు చెప్పారు ఆ ఆసుపత్రి?"

"మీరే సెప్పేరు కదమ్మా! మా కూతురు ఫోన్లో సూపించింది. మెట్లెక్కీసి, నొప్పి తక్కువ అన్నారు. నానెవల మాట నమ్ముతాను, మీ మాట కాపోతే?"

నేను చీర పైకి తీసి కాలు చూపించాను. రెండు కోతల మచ్చ, వంగని మోకాలు, ఎండిపోయిన పిక్క. దీపం పట్టుకొచ్చిన పిల్ల వీడియో తీసిన దగ్గర్నుంచి రెండో ఆపరేషన్ దాకా అంతా చెప్పాను. నూకాలు నోటి మీద చెయ్యేసుకుని విని, కళ్ళు తుడుచుకుంది. తర్వాత తల ఊపి, "దిష్టమ్మా," అంది.

"ఏమిటీ?"

"దిష్టి. మీరు టీవీలో పడ్డారు, ఫోన్లో పడ్డారు. ఊరందరూ, ఎంత బాగా ఎక్కీసిందో అనుకున్నారు. అన్ని కళ్ళు పడితే కాలు ఉంటాదేటి? నానైతే వీడియో తియ్యనివ్వను. ఆపరేసను సేయించుకుంతాను, ఆ దీపం పిల్లొస్తే తరిమేత్తాను."

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నవ్వాలో ఏడవాలో తెలియని కోపం. నా కాలు కళ్ళ ముందు పెట్టుకుని కూడా ఆ మనిషి వీడియోనే నమ్మింది. పైగా వీడియోలోని కాలు నిజమైనది, దాన్ని పాడు చేసింది చూసినవాళ్ళ కళ్ళు అని తేల్చేసింది. గౌరి గుమ్మంలో నిలబడి అంతా వింది. నూకాలు వెళ్ళాక, "అత్తయ్యా, ఆటో పిలవనా?" అంది.

ఇద్దరం వెళ్ళాం. స్ఫూర్తి మమ్మల్ని చూసి నిజంగానే సంతోషించింది. నీళ్ళిచ్చింది. వీడియో తీసెయ్యమని అడిగాను, లేకపోతే ఆ తర్వాత జరిగింది కూడా దాని కిందే రాయమన్నాను.

"అమ్మా, మన పేజీలో అన్నిటికంటే ఎక్కువమంది చూసింది మీదే. తీయడం నా చేతిలో లేదు. కంటెంట్ స్ట్రాటజీ అంతా బెంగళూరు టీమ్ చూస్తారు. మన పని పేషెంట్లకి హోప్ ఇవ్వడం."

"హోప్ ఇవ్వమ్మా. దాంతో పాటు ఫిబ్రవరి కూడా ఇవ్వు."

స్ఫూర్తి మొహం వెలిగింది. "అమ్మా! మనం పార్ట్ టూ చేద్దాం. మీరు ఇన్ఫెక్షన్‌ని కూడా జయించారు కదా. రెండుసార్లు గెలిచిన ఉక్కు మహిళ!"

గౌరి అప్పుడు అంది, "ఆ వీడియోలో ఆకుపచ్చ గాజులు నావి. అందులో నన్ను కోసేశారు. ఈసారి ఏం కోస్తారు?"

స్ఫూర్తి చెడ్డ పిల్ల కాదు. ఆమెకి ఉద్యోగం ఇచ్చినవాళ్ళు మూడో రోజు వరకే ఇచ్చారు. చివరికి వీడియో కింద, ఫలితాలు మనిషిని బట్టి మారవచ్చు అని ఒక వాక్యం పెట్టారు. ఆ అక్షరాలు చదవాలంటే నాకు భూతద్దం కావాలి. ఇంటికొచ్చి గౌరి ఆ వీడియో కింద జరిగిందంతా కామెంటు రాసింది, తేదీలతో సహా. తేదీలు నన్ను అడిగే రాసింది. సాయంత్రానికి ఆ కామెంటు లేదు.

ఇక మిగిలింది నూకాలు. గౌరి ఇంకొక పని చేసింది. వంటింట్లో కత్తిపీట నేల మీద పెట్టి, నన్ను దాని ముందు కూర్చోమంది, ఎంతవరకు కూర్చోగలనో అంతవరకు. నేను గోడ పట్టుకుని వంగాను. పీటకి జానెడు పైన ఆగిపోయాను. అది ఫోనులో తీసి నూకాలు కూతురికి పంపింది. వీణ లేదు, కుక్కరు విజిలు ఉంది. మర్నాడు నూకాలు ఫోను చేసి, "అమ్మగోరూ, మీకు కూకోడం అలవాటు తప్పిపోనాది. నాకలా కాదు," అంది.

ఇరవై ఒకటో తేదీ సోమవారం నేను దానితో పాటే ఆసుపత్రికి వెళ్ళాను. గౌరి నన్ను పట్టుకుంది, నూకాలుని కూతురు పట్టుకుంది. నలుగురం ఒకే ఆటోలో. నూకాలుకి మణికట్టుకి పేరు పట్టీ కట్టేశారు. డాక్టరుగారు రౌండ్సుకి వచ్చినప్పుడు నేను నూకాలుతో, "అడుగు," అన్నాను.

"ఏటి అడగాల?"

"పీట."

నూకాలు సిగ్గుపడుతూ అడిగింది. "బాబూ, ఆపరేసను అయ్యేక నాను గొంతుక్కూకోని సేప కొయ్యొచ్చును కదా?"

ఈసారి పక్కన ఎక్స్‌రే లేదు. ఆయన ఆమె మొహం చూశారు. "గొంతుక్కూర్చోవడం ఉండదమ్మా. నేల మీద కూర్చోకూడదు. స్టూలు వేసుకుని చేసుకోండి."

"ఎన్నాళ్ళు?"

"ఎప్పటికీ."

నూకాలు మంచం అంచుకి జరిగి, కాలితో నేల తొక్కి చూపించింది. "స్టూలు మీద కూకుంటే కత్తిపీట ఎవుడు తొక్కిపడతాడు బాబూ? మీరొచ్చి తొక్కుతారేటి?" అంది.

డాక్టరుగారు నవ్వారు. మంచి మనిషే. "ఇది ముందే అడగాల్సింది కదమ్మా, ఎవరూ అడగరు," అన్నారు.

"జనవరిలో నేను అడిగాను," అన్నాను. తేదీ చెప్పలేదు. గౌరి నా వైపు చూసి, "తొమ్మిదో తేదీ," అంది.

నూకాలు పట్టీ పళ్ళతో కొరికి తెంపేసింది. ఆటోలో గాజువాక దాటాక అంది, "నొప్పితో కూకోడం నాకొచ్చునమ్మా. కూకోకండా బతకడం రాదు." నేను మంచి చేశానో, చెడు చేశానో నాకు తెలియదు. ఆపరేషన్ అయితే ఆమెకి బాగానే అయ్యేదేమో, పద్మనాభం ఆవిడకి అయినట్టు. నొప్పి పోయేది, పని పోయేది. ఇప్పుడు పని ఉంది, నొప్పి ఉంది. ఎంచుకున్నది ఆమె. ఎంచుకోవడానికి కావలసిన ఆ ఒక్క మాట మూడు నెలలు ఎవరి దగ్గరా దొరకలేదు, అదే నా కోపం.

వీడియో ఇంకా ఉంది. ఇది రాస్తున్న ఆగస్టు నెలలో కూడా నేను అందులో మెట్లెక్కుతూనే ఉన్నాను.

మీలో ఎవరైనా వెళితే వెళ్ళండి. వీడియోలో ఉన్న మనిషి ఇప్పుడు ఎలా ఉందో కనుక్కుని వెళ్ళండి. ఇంట్లో, పనిలో మీరు రోజూ ఎలా కూర్చుంటారో డాక్టరుకి చేసి చూపించి అడగండి. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.

పోయినవి ఇవి. నేల మీద కూర్చోవడం. ముగ్గు. పూజ గూడు ఇప్పుడు బల్ల మీదికెక్కింది, దేవుడితో నిలబడి మాట్లాడుతున్నాను. కుడి మోకాలి వంపులో సగం. శ్రీను సెలవులన్నీ. గౌరి ట్యూషన్ పిల్లల్లో నలుగురు, వరండాలో ఎండ తట్టుకోలేక మానేశారు. వేట మొదలైనా నూకాలు మా వీధికి రావడం లేదు. గంపతో ఈ ఎత్తెక్కలేక కింద మెయిన్ రోడ్డు మీదే కూర్చుంటోంది. అంత దూరం నేను దిగలేను. కాబట్టి ఆ లెక్కలో నూకాలు, బుధవారం శనివారం చేపల కూర కూడా.